నాన్న కొత్త పళ్ళు

"నోరు తెరవండి."

ఆయన తెరిచాడు. పైనా కిందా ఒక్క పన్ను లేదు. పీకిన గుంతలు మానిపోయి చిగుళ్ళు పసిపిల్లల చిగుళ్ళలా నున్నగా ఉన్నాయి. ఆమె చిగుళ్ళ అచ్చు తీసే ముద్ద కలిపి, చిన్న పళ్ళెంలో నింపి, ఆయన అంగిటికి ఆనించి నొక్కిపట్టింది.

"ముక్కుతో గాలి పీల్చండి. కదలొద్దు."

ఈ ముద్ద గట్టిపడేదాకా ఈయన మాట్లాడలేడు కదా అనుకుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆయన మాట్లాడుతుంటే వినడమే ఆమె పని. ఆయన ఆమె తండ్రి. ప్రార్థన మందిరానికి పెద్ద. ఆయన ప్రసంగం వింటే రాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటాయని చెప్పుకునేవాళ్ళు.

ఆమె పళ్ళ సెట్లు చేస్తుంది. ముందు గదిలో డాక్టరమ్మ చూసి, కొలతలకి వెనక గదిలో ఉన్న ఆమె దగ్గరికి పంపుతుంది. ఆ మధ్యాహ్నం తెర తొలగించుకుని లోపలికొచ్చిన మనిషిని చూడగానే ఆమె చేతిలో మైనం ముక్క కిందపడిపోయింది.

"నాకు నమ్మకం పోయింది, ఇక మందిరానికి రాను" అని ఆమె చెప్పిన రోజున ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఇంట్లోంచి గెంటేశాడు. "దేవుణ్ణి కాదన్నవాళ్ళకి నా ఇంట్లో చోటు లేదు" అన్నాడు. అమ్మ తలుపు పట్టుకుని ఏడ్చింది గానీ గడప దాటలేదు. ఆ తర్వాత తమ్ముడొక్కడే చాటుగా ఫోన్ చేస్తుండేవాడు. ఎప్పుడు చేసినా ఒకటే పాట. "అక్కా, వచ్చెయ్యవే. ఒక్కసారి నాన్న కాళ్ళ మీద పడితే నీ సొమ్మేం పోయింది?"

కిందటేడు వానల్లో, ఒక సాయంత్రం వాడు ఫోన్ మీద ఫోన్ చేశాడు. మళ్ళీ ఆ పాటే ఎత్తుకుంటాడని ఆమె తియ్యలేదు. ఆమె ఉండే ఊరికి వస్తూ వంతెన మలుపులో బండి జారి వాడు లారీ కింద పడ్డాడు.

అంత్యక్రియల రోజున మందిరంలో అందరి ముందూ తండ్రి చెప్పాడు. "దారితప్పిన అక్కని వెనక్కి తేవడానికి వెళ్ళి నా కొడుకు ప్రాణం ఇచ్చాడు. అది ఒప్పుకునేదాకా అక్కడే ఉంటానని బట్టలు కూడా సర్దుకెళ్ళాడు." చివరి వరసలో నిలబడ్డ ఆమె వైపు తలలన్నీ ఒక్కసారిగా తిరిగాయి. అమ్మ తిన్నగా ఆమె దగ్గరికి నడిచొచ్చింది. "నా బిడ్డని మింగావు కదే" అంది.

అప్పట్నుంచీ ఎవరి ఫోన్ వచ్చినా ఆమె మొదటి మోతకే తీస్తుంది.

"మీ ఊళ్ళో పళ్ళు కట్టేవాళ్ళే లేరా?" అచ్చు బయటికి తీస్తూ అడిగింది.

"మా వీధి చివరే ఒకడున్నాడు."

"మరి ఇంతదూరం ఎందుకు? పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అనా?"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "ఆదివారం తమ్ముడి పేర ప్రార్థన. నేనే మాట్లాడాలి. పోయిన వారం నా నోటి తుంపరలకి ముందు వరసవాళ్ళు గొడుగులు వెతుక్కున్నారు."

మాటలు సగం గాలిగానే పోతున్నాయి. ఆమెకి నవ్వు వచ్చినట్టే వచ్చి పోయింది.

"అంటే, నా సంగతి చెప్పేచోట మాట జారకూడదు. అంతేనా?"

ఆయన మూతికంటిన ముద్ద తుడుచుకున్నాడు.

"అమ్మ ఎలా ఉంది?"

"గోడమీంచి నీ ఫొటో తీసేసింది. పొద్దస్తమానం ఆ ఖాళీ చోటే చూస్తూ కూచుంటుంది."

ఆయన వెళ్ళాక సెట్టు కడుతూ అనుకుంది, పగ తీర్చుకోవాలంటే ఒక్క పన్ను వెంట్రుకవాసి ఎత్తు పెడితే చాలు. ఆదివారం నోరు విప్పినప్పుడల్లా గుచ్చుకుంటుంది. ఆ బుద్ధి పుట్టింది కూడా. కానీ చేతులు మాట వినలేదు. ముందు పళ్ళలో ఒకదాన్ని కొంచెం వంకరగా, ఆయన పాత పన్ను ఉన్నట్టే పెట్టాయి.

శనివారం ఆయన మళ్ళీ వచ్చాడు. ఆమె సెట్టు తొడిగి, నీలికాగితం కొరికించి, నీలిమరక ఎక్కువ పడ్డ చోటల్లా అరగదీసి, చేతికి అద్దం ఇచ్చింది. ఆయన చాలాసేపు చూసుకున్నాడు.

"ఇది వాడి పన్ను."

"మీదే. వాడికి మీ దగ్గర్నుంచే వచ్చింది."

గదిలో అరగదీసే యంత్రం ఊరికే తిరుగుతోంది. ఆమె ఆపేసింది.

"నాన్నా, ఆ రోజు వాడు నాకు ఫోన్ చేశాడు. మళ్ళీ మళ్ళీ చేశాడు. ఉపదేశం మొదలుపెడతాడని నేనే తియ్యలేదు. నువ్వు ఆదివారం అందరి ముందూ నన్ను ఏమన్నా పడతాను. వాడి చావు నా మెడకే చుట్టుకుంది."

ఆమె మోచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ పనిలో పడింది.

"సరే, మాట సరిచూడాలి. రేపు చెప్పబోయేది ఒక ముక్క చెప్పు. ఎక్కడన్నా గాలి పోతే సరిచేస్తాను."

ఆయన అద్దం బోర్లించి బల్లమీద పెట్టాడు. కూతురి మొహంలోకి సూటిగా చూశాడు. పళ్ళు పోయాక మొదటిసారి, ఒక్క అక్షరం జారకుండా అన్నాడు:

"ఆ రోజు వాణ్ణి కూడా నేనే గెంటేశాను."