పిల్లను పిలవండి

“అదనపు లెక్కలు. అంతే. ఇందులో రెండో మాట లేదు,” అంటూ తండ్రి బల్లమీద చరిచాడు.

“ఆ రెండో మాట నాది,” అంది తల్లి. “కంప్యూటరులో ఖాతాలు రాయడం నేర్పించండి మేడమ్. ఏ ఊరు పోయినా అన్నం పెట్టే చదువు.”

సలహాదారు ఇద్దరివంకా చూసి, మెడలో వేలాడుతున్న కొత్త గుర్తింపు కార్డును సరిచేసుకుంది. ఆమె వెనక, కిటికీ తెరకు బట్టల క్లిప్పులతో తగిలించిన పెద్ద కాగితంమీద ఒక నిచ్చెన గీసి ఉంది. కింది మెట్టు ఏడో తరగతి, పై మెట్టు పన్నెండు. పిల్లలు ఏ ఏడు ఏ సబ్జెక్టు ఎంచుకుంటే ఏ దారి తెరుచుకుంటుందో తల్లిదండ్రులకు వివరించడం ఆమె పని. పిల్లను అడగకుండా ఏ పిల్ల చదువునూ నిర్ణయించనివ్వకూడదన్నది ఆ పనికి ఒప్పుకున్ననాడే ఆమె పెట్టుకున్న నియమం. ఎదురుగా ఉన్న ఈ ఇద్దరినీ ఒప్పించలేకపోతే, రేపు మొదటిరోజు బడిలో తన కుర్చీలో కూర్చునే అర్హత తనకు లేదని ఆమె నిశ్చయించుకుంది.

“ముందు పిల్ల సంగతి చెప్పండి,” అంది.

“మా పిచ్చుక సంగతా?” అన్నాడు తండ్రి. “పన్నెండేళ్ళు. ఒకచోట నిలవదు, అందుకే ఆ పేరు. ఎడమచేతి వాటం. దాని లెక్కల పుస్తకంలో లెక్కలు తప్ప అన్నీ ఉంటాయి.”

“అన్నీ అంటే?”

“ఇళ్ళండీ! మేడలు, మెట్లు, కిటికీలు. గోడల్నీ వదల్లేదు. రంగులు వేయించి వారం తిరక్కుండానే మా పడగ్గది గోడమీద ఇంకో ఇల్లు కట్టింది.”

“అద్దె మాత్రం ఇవ్వలేదు,” అంది తల్లి.

సలహాదారు పెదవి కొరుక్కుంది. నవ్విందంటే ఓడిపోయినట్టే.

“ఏడో తరగతిలో బొమ్మల క్లాసు ఉంది కదా...”

“బొమ్మలు కూడు పెడతాయా?” తండ్రి మళ్ళీ చెయ్యెత్తాడు. “మొక్కై వంగనిది మానై వంగుతుందా మేడమ్?”

“వంచే ముందు ఆ మొక్క ఏవైపు వెలుతురు వెతుక్కుంటోందో చూడాలి కదండీ.”

తండ్రి ఎత్తిన చెయ్యి మెల్లగా దించాడు. అంతలో లోపలినుంచి కుక్కరు కూత వినిపించింది. తల్లి గభాలున లేచింది. ఏదో గుర్తొచ్చి మళ్ళీ కూర్చుంది.

“అలవాటండి,” అంది, ఎటో చూస్తూ.

“పిల్లను అడిగారా?” అంది సలహాదారు.

“పన్నెండేళ్ళ పిల్లకేం తెలుసు?” అన్నాడు తండ్రి.

సలహాదారు చేతిలో పెన్సిలు ఆగిపోయింది. ఈ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. జవాబూ సిద్ధంగానే ఉంది. అయినా తల దించుకుని కార్డు తాడును వేలికి చుట్టుకుంది.

“చూశారా! రేపు మీ దగ్గరికి నన్ను మించిన మొండివాళ్ళు వస్తారు. నాకే జవాబు చెప్పలేకపోతే వాళ్ళకేం చెబుతారు?”

“కాస్త ఊపిరి తీసుకోనివ్వండి ఆవిణ్ణి,” అని తల్లి మంచినీళ్ళ గ్లాసు ముందుకు జరిపింది.

సలహాదారు నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, తల ఎత్తింది.

“తనకేం కావాలో పిల్లకు తెలుసు. దారి తెలియదు. దారి చూపించడం పెద్దల పని, నడవడం పిల్ల పని. మీరు దారి మూసేసి నడవమంటున్నారు. అది న్యాయం కాదు.”

లేచి కాగితం దగ్గరికి వెళ్ళి, ఎడమచేత్తో పై మెట్టుమీద గుర్తు పెట్టింది.

“ఇళ్ళు కట్టే చదువుకు పోవాలంటే పన్నెండులో ఏం ఉండాలి?”

“లెక్కలు!” అన్నాడు తండ్రి ఆశగా.

“ఉండాలి. తొమ్మిదిలో ఇళ్ళ నక్షాలు గీసే క్లాసూ ఉండాలి. ఏడులో బొమ్మలు నేర్చుకోనివాళ్ళను అందులోకి రానివ్వరు. కాబట్టి ఏడులో బొమ్మలు, ఎనిమిదిలో మీ అదనపు లెక్కలు. కింది మెట్టు పీకేస్తే పైవన్నీ గాల్లో వేలాడతాయి.”

“మరి నా ఖాతాలు?”

“పదిలో. ఇల్లు కట్టే మనిషికి ఖర్చు లెక్క రాకపోతే ఎలాగండీ?”

“విన్నారా? నాకూ ఒక మెట్టుంది!” అని తల్లి చప్పట్లు కొట్టింది.

“ఆలూ లేదు చూలూ లేదన్నట్టు, అప్పుడే ఇల్లు కట్టేసి ఖర్చులు కూడానా,” అని తండ్రి గొణిగాడు. కానీ అతని ముఖం వెలిగిపోతోంది.

“ఒక్క మాట. ఇదంతా నేను వేసిన నిచ్చెన. ఆ పిల్ల ఒప్పుకుంటేనే దీనికి విలువ. లేదంటే నా చేత్తో నేనే చింపేస్తాను. అడుగుతారా?”

తండ్రి కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. అది మురికిగా ఏమీ లేదు.

“మేం అడగలేదండి,” అన్నాడు. గొంతులో ఇందాకటి దబాయింపు లేదు. “అడగాల్సింది.”

తల్లి అతని చేతిమీద చెయ్యి వేసింది. సలహాదారుకు కళ్ళు చెమ్మగిల్లాయి. అయినా పట్టు సడలించలేదు.

“మించిపోయింది లేదు. పిల్లను పిలవండి.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. నా ఎదటే అడగాలి.”

తండ్రి లేచి నిలబడ్డాడు. తల్లి నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అతడు గొంతు సవరించుకుని, ఇల్లంతా మారుమోగేలా పిలిచాడు.

“పిచ్చుకా! ఇలా రా తల్లీ. నీకేం చదవాలనుందో చెప్పు.”

“బొమ్మలు, నాన్నా,” అంది సలహాదారు, మెడలో కార్డు తీసి పక్కన పెట్టి, ఒకప్పటి పిచ్చుక గొంతుతో.