సొంత చేతిరాత

హరిచందన వేళ్ళు కలం పట్టవు. పరీక్షలో తను చెబుతుంటే రాసిపెట్టే మనిషి కోసం యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

కౌంటర్లోని బెంగాలీ దీదీ ఫారం ఇచ్చి, "సొంత చేతిరాతతోనే నింపాలి. రూల్," అంది.

"మా అమ్మాయి రాయగలిగితే ఈ ఫారం ఏటికి, దీదీ?" అన్నాడు తండ్రి అనంతరామయ్య.

దీదీ అదే రూల్ మళ్ళీ చదివింది.

నిమ్‌పురాలోని తమ రైల్వే క్వార్టర్‌కి వచ్చి ఆయనే నింపడానికి కూర్చున్నాడు. రైల్వే ఆఫీసులో ముప్పయ్యేళ్ళుగా ఫైళ్ళు రాస్తున్న చెయ్యి. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

"అంత అందంగా ఎందుకు నాన్నా?" అంది హరిచందన.

"ఏటమ్మా అలాగంటావు? ఆఫీసుకెళ్ళే కాగితం. చూడగానే సంతకం పెట్టాలనిపించాల."

వారానికి జవాబొచ్చింది.

"దరఖాస్తుదారు చేతిరాత అద్భుతంగా ఉన్నది. కావున రాసిపెట్టు మనిషి అవసరం లేదు. అభ్యంతరమున్నచో సొంత చేతిరాతతో అప్పీలు చేసుకొనవచ్చును."

అనంతరామయ్య మొదటి వాక్యం రెండుసార్లు చదివాడు. ఇంత సర్వీసులో ఏ ఆఫీసరూ ఆయన రాతని అంతగా మెచ్చుకోలేదు.

తర్వాత అప్పీలు ఫారం ముందు పరుచుకుని, కలం ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.