బూట్లతో వచ్చిన మనిషి

"బూట్లు విప్పు. ఇది పశువుల కొట్టం కాదు."

ఈతకొలను గట్టు మీద అడుగు పెట్టబోయినవాడు అక్కడే ఆగిపోయాడు. నలభై దాటిన మనిషి. ఉతికిన చొక్కా, చంకలో కాలేజీ ముద్ర ఉన్న ఫైలు.

"క్షమించండి మేడమ్. నా పేరు డ్వేన్. పది గంటలకి రమ్మన్నారు" అన్నాడు, వంగి లేసులు విప్పుకుంటూ.

కోచ్ డార్లీన్ హూక్‌స్ట్రా అతణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. పెద్ద కోచ్ ఏప్రిల్లో రిటైరయ్యాడు. ఆయన కింద పందొమ్మిదేళ్ళు డైవింగ్ నేర్పిన డార్లీన్, ఇక ఆ కుర్చీ తనదేనని నమ్ముకుని ఉంది. నిన్న సాయంత్రం కాలేజీ క్రీడల ఆఫీసు నుంచి ఒక్క ముక్క వచ్చింది: "రేపు ఒకాయన వస్తాడు, పూల్ చూపించండి." ఆ కుర్చీలోకి వచ్చేది ఇతనేనని ఇంతకంటే విడమర్చి చెప్పాలా?

"ఈత ఎక్కడ నేర్చుకున్నావు?"

"నాకు ఈత రాదండీ."

డార్లీన్ ఫక్కున నవ్వింది. పైన డైవింగ్ బోర్డు మీద నిలబడ్డ ఆమె శిష్యురాలు మారిట్ ఉలిక్కిపడి కిందికి చూసింది.

"మిషిగన్లో ఉంటూ, చుట్టూ ఇన్ని సరస్సులు పెట్టుకుని ఈత రాదా?"

"అవి గడ్డకట్టాక పైన కూర్చుని చేపలు పడతానండీ. అంతే."

"భేష్! మునిగితే మా పిల్లలు లాగుతార్లే. మారిట్, దూకు!"

మారిట్ గాలిలో రెండు పల్టీలు కొట్టి దబ్బున నీళ్ళలో పడింది.

"ఏం తప్పు చేసిందో చెప్పు."

"నీళ్ళు బాగా చిమ్మాయండీ."

"ఆమాత్రం గుడ్డివాడైనా చెబుతాడు, తడిశాక. బోర్డు వదలకముందే తల వాల్చేసింది. డైవ్ చెడేది పైన, నీళ్ళలో కాదు."

డ్వేన్ మర్యాదగా తల ఊపాడు. "ఇక్కడ లోతు కచ్చితంగా ఎంతండీ?"

"పదమూడు అడుగులు. ఆపాటి కనుక్కుని రాలేదా?"

అతను ఫైల్లో రాసుకున్నాడు. రాసుకున్నాడు! డార్లీన్‌కి ఒళ్ళు మండింది.

"మా క్రీడల డైరెక్టరుకి ఫుట్‌బాల్ తప్ప లోకం లేదు. నువ్వూ ఆడి ఉంటావు, అవునా?"

"హైస్కూల్లో ఆడానండీ."

"అదీ సంగతి!"

మారిట్ జుట్టు పిండుకుంటూ దగ్గరికొచ్చింది. "కోచ్, వచ్చే ఏడు మీరే ఉంటారుగా? మీరు లేకపోతే నేనూ మానేస్తా." గొంతు తగ్గించే అంది గానీ, ఆ హాల్లో గుసగుస కూడా గోడలకి తగిలి తిరిగొస్తుంది.

డార్లీన్ ఆ పిల్ల భుజం మీద తువ్వాలు కప్పింది. డ్వేన్ వైపు తిరిగింది.

"ఈ పనికి ఎంతమందిని పిలిచారు?"

"ముగ్గురం పోటీ పడ్డామండీ. శుక్రవారం నాకే ఖాయం చేశారు. సంతకాలు కూడా అయిపోయాయి."

శుక్రవారమా! తనని ఒక్క మాటైనా అడక్కుండానే! అతని ముందుకి ఒక అడుగు వేసింది.

"చూడు బాబూ. నీకు ఈత రాదు, లోతు తెలియదు, డైవ్ అంటే ఏమిటో తెలియదు. నీకంటే ఆ మూలనున్న తుడుపుకర్ర నయం, రోజూ నీళ్ళైనా ముట్టుకుంటుంది. నీ కింద నేను ఒక్క రోజు కూడా పనిచెయ్యను. పైకి వెళ్ళి మీవాళ్ళతో ఇదే మాట చెప్పు. పోయేముందు ఒక్కటి చెప్పిపో, నవ్వుకోడానికి. ఇక్కడికి రాగానే మొట్టమొదట ఏం ఉద్ధరిస్తావు?"

డ్వేన్ ఫైలు మూశాడు. మారిట్ వైపు చూశాడు, మళ్ళీ డార్లీన్ వైపు చూశాడు.

"మీకు చెప్పే ఉంటారనుకున్నానండీ" అన్నాడు మెల్లగా. "ముందు నీళ్ళు తోడించేస్తాను. తర్వాత ఎనభై లారీల కంకర పోయించి, పూడ్చేస్తాను."