టేపులో రెండో గొంతు

"ఆపండి! మళ్లీ వాడే!"

కిరణ్ పాల్ హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పడేశాడు. మూసాపేట చర్చి వెనకగదిలో చూపులేని విద్యార్థుల కోసం పుస్తకాలను క్యాసెట్లకు ఎక్కించే చిన్న సంస్థ అది. దాన్ని నడిపే రామచంద్రం గారు ఉలిక్కిపడి లేచారు.

"ఎవరండీ?"

"ఇంకెవరు? ఏడో నంబరావిడ ఇంట్లో అరిచే మృగం! తెల్లవాళ్లు ఓడలు దిగిన సంగతి ఆవిడ ఎంత బాగా చదువుతోందో! సరిగ్గా అక్కడే వెనకనుంచి వీడు. ఫ్యాను హోరులో, మూసిన కిటికీ అవతల, మాటైతే తెలియడం లేదు. అరుపు మాత్రం తెలుస్తోంది."

ఊళ్లేలడానికి వచ్చినవాళ్ల గురించిన పాత చరిత్ర పుస్తకం అది. ఇంట్లోనే చదివి రికార్డు చేసిచ్చేవాళ్లకు అక్కడ నంబర్లే తప్ప పేర్లుండవు. పేరు తెలిస్తే, తప్పులు పట్టేవాళ్లకు మొహమాటం అడ్డొస్తుందని రామచంద్రం గారు పెట్టిన పద్ధతి. కిరణ్ పాల్‌కి ఆ జబ్బు ఎలాగూ లేదు. మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో ఉద్యోగం, సెలవురోజు ఈ సేవ. నిజానికి చదవడానికే వచ్చాడు. మొదటిరోజు తన గొంతు టేపులో వినిపిస్తే, "ఇది నేను కాదు, మీ మిషను పాడైంది" అని పెద్ద గొడవ చేసి, వినే పనికి మారాడు.

"ఈ అధ్యాయం ఇప్పటికే రెండుసార్లు తిప్పి పంపారండీ," రామచంద్రం గారు గొంతు తగ్గించి అన్నారు. "కాస్త చూసీచూడనట్టు..."

"పిల్లలు వాడి కేకలు వింటూ పరీక్షకు చదవాలా? మొగుడే అయ్యుంటాడు. నోరు మూయించలేదా ఆవిడ?"

"అడిగాను. ఇంట్లో పెద్దాయన గొడవ వద్దంటున్నారట. మాట పడుతున్నాం అంది."

"అదిగో! ఇలా పడుండేవాళ్లు ఉండబట్టే కదండీ ఆ తెల్లవాళ్లు వందల ఏళ్లు మన నెత్తినెక్కి కూర్చున్నది! చెబుతున్నా వినండి. ఇంకొక్కసారి ఆ గొంతు వినబడిందా, ఆవిణ్ణి తీసేయండి."

"అంతమాట అనకండి. ఆవిడ తమ్ముడికి చూపు లేదు. వరంగల్ హాస్టల్లో ఉంటాడు. ఈ పరీక్ష రాసేది వాడే. వాడికోసమే ఈ పుస్తకం పట్టుకుంది."

"తమ్ముడైతే మరీ శ్రద్ధగా చదవాలి," అన్నాడు కిరణ్ పాల్.

శనివారం మధ్యాహ్నం ఆఫీసు బస్సు దిగి మాదాపూర్‌లో తన వాటాకు వచ్చేసరికి అతని ఒళ్లు మండిపోయింది. రేకుల షెడ్డులో ఉండాల్సిన కొత్త బండి ఎండలో ఉంది. బండి ఉండాల్సిన చోట బర్రె నెమరేస్తోంది.

"ఐలయ్యా, నా బండి ఎవడు జరిపాడు?"

కింద వాటాలోంచి ఇంటి యజమాని ఐలయ్య కండువాతో చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"జర మెల్లగ సారూ. నేనే జరిపిన. ఎండకు బర్రె పడిపోయేటట్టుంది. షెడ్డు దానిదే గద."

"దానిదా? కిరాయి కట్టేది అదా, నేనా?"

"మీకు కిరాయికిచ్చింది మీద మీరుండే రెండు అర్రలు సారూ. షెడ్డు ఎన్నడిచ్చిన?"

"వచ్చినప్పటినుంచీ పెడుతున్నా. అప్పుడు అడగలేదే? ఇక అది నాదే!"

కరెంటు పోయి వీధంతా ఉక్కపోతగా ఉంది. కింది కిటికీ బార్లా తెరిచి ఉంది. అందులోంచి ఐలయ్య కోడలు వేలు పెదాలమీద పెట్టి బతిమాలుతున్నట్టు సైగ చేసింది. ఇన్నాళ్లలో ఆమె నోట ఒక్క మాట విని ఎరగడు కిరణ్ పాల్. లోపల పసిపిల్ల చిన్ను పడుకుందేమో.

"పిల్ల పడుకుంటే నేను నోరు కుట్టుకోవాలా?" ఇంకా గట్టిగా అరిచాడు.

ఆమె కళ్లనిండా నీళ్లు తిరిగాయి. ఐలయ్య కిటికీ వైపు చూసి, "ఊకో బిడ్డా, ఇగ ఊకో," అంటూ బర్రెను విప్పి ఎండలోకి తోలుకుపోయాడు.

ఆదివారం ప్రార్థన ముగిశాక రామచంద్రం గారు చివరి క్యాసెట్ పట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డారు.

"పరీక్ష రేపే. మీరు సరేనంటే మధ్యాహ్నం బస్సులో వరంగల్ పంపేస్తాను. కానీ ఆవిడ ముందే చెప్పింది. ఈసారి కూడా ఒకచోట ఆ అరుపు పడిందట. మళ్లీ చదివే వ్యవధి లేదు, ఈ ఒక్కసారికి మన్నించమంది."

"అయితే వినేదేముంది?" కిరణ్ పాల్ కాగితం లాక్కుని రాశాడు. క్యాసెట్ పనికిరాదు, ఏడో నంబరును తొలగించాలి. కింద సంతకం గీకాడు.

"పిల్లవాడు చివరి అధ్యాయం లేకుండా పరీక్షకు వెళ్లాలండీ! ఒక్కసారి విని చూడండి. కరెంటు లేక, కిటికీ తెరుచుకుని చదివిందట. బ్యాటరీలతో రికార్డు చేసింది. ఫ్యాను చప్పుడు కూడా లేదు, శుభ్రంగా ఉంది."

"ఓహో, అయితే వాడి మాటలు కూడా శుభ్రంగా ఉంటాయన్నమాట! మీరూ వినండి, ఎలాంటి మనిషిని వెనకేసుకొస్తున్నారో." హెడ్‌ఫోన్ల వైరు పీకేసి, స్పీకరు పెద్దది చేసి, బటన్ నొక్కాడు.

ఆవిడ గొంతు గదంతా నిండింది. "వాళ్లు మొదట సరుకు దించుకోవడానికి జాగా అడిగారు. తరువాత ఆ జాగాకు నీడ అడిగారు. ఆ పైన, నీడలో నిలబడ్డవాళ్లను మీరెవరని అడిగారు."

"చూశారా, రచయిత ఎంత చక్కగా రాశాడో!" అన్నాడు కిరణ్ పాల్. "ఇదిగో, ఇప్పుడొస్తాడు చూడండి మన మృగం."

చదవడం ఆగింది. వెనకనుంచి, ఈసారి ప్రతి మాటా విడివిడిగా, ఆ రెండో గొంతు వినబడింది.

"ఐలయ్యా, నా బండి ఎవడు జరిపాడు?"