ట్యూబుల్లో ప్రాణం

మెకానిక్ రెండు ఆంప్లిఫయర్లు తెచ్చి టీచరుగారి ముందుగదిలో దించాడు. ఒకటి పాత రేడియోల్లో ఉండే గాజు ట్యూబులది. దాన్ని మోసేసరికి నడుం పట్టేసింది. రెండోది సాలిడ్ స్టేట్, అంటే ట్రాన్సిస్టర్లది. దాన్ని చంకలో పెట్టుకొచ్చాడు.

"రెండూ వాయించి చూడండమ్మా. నచ్చింది ఉంచుకోండి," అన్నాడు.

టీచరుగారి పాత ట్యూబుల ఆంప్లిఫయర్ పెట్టె పోయిన వారం పూర్తిగా మూగబోయింది. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ స్టీల్ గిటార్ పలికింది ఆ పెట్టెలోంచే. ఊళ్లో ఆ వాయిద్యం వచ్చినవాళ్లంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నవాళ్లే. "ట్యూబుల్లో ప్రాణం ఉంటుంది, ట్రాన్సిస్టర్లో ఉండేది ఉత్త కరెంటే," అని ఆవిడ అనని రోజు లేదు. శిష్యులు ఆ మాటను నెత్తిన పెట్టుకున్నారు.

ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా మెకానిక్ చేతిలో పని మీదికి తల వంచేసేవాడు.

పద్నాలుగేళ్ల కిందటి సంగతి. ఆవిడ పెద్ద కచేరీ ఇంకొక్క పూట ఉందనగా ఆ పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. అలాంటిది బజారంతా గాలించినా దొరకలేదు. మెకానిక్ ఏం చేస్తాడు పాపం? లోపల ట్యూబులు తప్ప మిగతాదంతా పీకేసి ట్రాన్సిస్టర్ బోర్డు బిగించాడు. వెనక జాలీలోంచి ఎవరైనా తొంగి చూస్తారని, ట్యూబులు ఊరికే ఎర్రగా వెలిగేలా తీగలు కలిపాడు. కచేరీ అయ్యాక చెప్పేద్దాం అనుకున్నాడు.

కచేరీలో చప్పట్లు మోగిపోయాయి. "చూశావా, ట్యూబంటే అదీ," అంది ఆవిడ.

ఇక చెప్పేదేముంది? నోరు కుట్టేసుకున్నాడు.

పోనీ, కథ అక్కడితో అయిపోయినా బాగుండేది. ఏడాది తిరక్కుండానే ఆవిడ తమ్ముడు, ఆవిడ చేతికిందే పెరిగినవాడు, మొయ్యడానికి తేలికని ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్ కొనుక్కొచ్చాడు. ఆ సాయంత్రమే శిష్యులందరి ముందూ వాయించాడు. పాట అయ్యాక కూడా ఎవరూ కదల్లేదు. టీచరుగారు మాత్రం లేచి నిలబడింది.

"ఆ డబ్బా పట్టుకుని గుమ్మం దిగు. మళ్లీ ఎక్కకు."

తమ్ముడు దిగాడు. పదమూడేళ్లుగా అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు.

ఆ పూట మెకానిక్ అక్కడే, చేతిలో స్క్రూడ్రైవర్‌తో నిలబడి ఉన్నాడు. 'మీ పెట్టెలో ఉన్నదీ అదేనమ్మా' అని ఒక్క మాట అంటే పోయేది. ఆ మాట బయటికొస్తే తన దుకాణం గుమ్మం ఎవరూ తొక్కరని హడలిపోయాడు. కళ్లముందే ఒక ఇల్లు రెండు ముక్కలైంది, ఈయనగారు చూస్తూ నిలబడ్డాడు. అప్పట్నుంచీ ఆ పాపం తనదేనని కుమిలిపోతూనే ఉన్నాడు.

మొన్న తమ్ముడు దుకాణానికి ఫోన్ చేశాడు. "అన్నా, మా అమ్మాయి గిటార్ పట్టింది. అక్క దగ్గర కూర్చోబెట్టాలని ఉంది. రానిస్తుందేమో కాస్త కనుక్కుంటావా?" అని అడిగాడు.

టీచరుగారు గిటార్ ముందు కూర్చుని తీగల మీద ఇనుప కడ్డీ జారించింది. ఒకే పాట ముందు ట్యూబుల మీద, తర్వాత ట్రాన్సిస్టర్ల మీద వాయించింది.

"ఏది ఉంచుకోమంటావు?"

ఇక ఆగడం మెకానిక్ వల్ల కాలేదు. కాలిన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర్నుంచి మొన్నటి ఫోన్ దాకా అంతా కక్కేశాడు.

"తప్పు నాదమ్మా. నన్ను తిట్టండి, మళ్లీ గుమ్మం ఎక్కొద్దనండి. తమ్ముణ్ణి మాత్రం రమ్మనండి. ఆయన చేసిన నేరమేమీ లేదు."

ఆవిడ కడ్డీని గుడ్డతో తుడుస్తూ కూర్చుంది.

"తెలుసు," అంది.

"ఏం తెలుసమ్మా?"

"ట్యూబులు వేడెక్కడానికి అరనిమిషం పడుతుంది. అప్పటిదాకా చప్పుడుండదు. నువ్వు బాగుచేసి తెచ్చిన పెట్టె స్విచ్ వెయ్యగానే మోగింది. వాటిని వెలిగించడం గుర్తుంది గానీ, ఆ కాసేపు ఆగేలా చెయ్యడం మర్చిపోయావు. కచేరీకి ముందే తెలుసు నాకు. శిష్యుల ముందు నా మాట పోతుందని బయటపడలేదు."

మెకానిక్ ఇంకొక్కటి అడక్కుండా ఉండలేకపోయాడు.

"మరి... తమ్ముణ్ణి ఎందుకు పంపేశారమ్మా?"

ఆవిడ తలెత్తకుండానే అంది. "ఆ రోజు వాడు నాకంటే బాగా వాయించాడయ్యా, ఆ మాట ఒప్పుకోలేక నెపం డబ్బా మీద పెట్టాను."