రాళ్ల పుస్తకం

“ఒకటే పుస్తకం. రెండోది అడిగితే ఆ ఒకటీ లేదు” అన్నాడు భూపేష్, కర్నూలు పుస్తకాల అంగట్లో నిలబడి.

అతని భార్య శిల్ప చేతుల్లో రెండున్నాయి. ఒకటి పురుగులది, ఒకటి రాళ్లది. పొద్దున్నుంచీ అంగడి తర్వాత అంగడి తిరిగింది. పిల్లల పుస్తకాలు కావాలంటే ప్రతివాడూ గైడ్లు తీసి ముందర పడేశాడు. ఒకచోట రంగుల పుస్తకం ఇచ్చారు గానీ, దాన్నిండా మంచులో తిరిగే ఎలుగుబంట్లే. చివరికి ఇక్కడ, కేశవయ్య అంగట్లో, అట్టపెట్టె అడుగున దుమ్ము కొట్టుకుని ఈ రెండూ దొరికాయి. పెద్ద అక్షరాలు, మంచి బొమ్మలు. జెర్రి, వానపాము, నాపరాయి, సుద్ద... అన్నీ తమ చేలో కనిపించేవే.

“జీవశాస్త్రానికి ఒకటి, భూమి పాఠానికి ఒకటి. రెండూ కావల్లప్పా. ఇంట్లో చదువు చెప్తాండా, పాపకు చూపించేకి ఏదన్నా ఉండొద్దా?”

“ఇంట్లో చదువేమిటికి? హాస్టల్లో ఉంటే వాళ్లే చూపిస్తారు.”

మళ్లీ మొదటికొచ్చింది. కూతురు శివాని హాస్టల్ నుంచి చిక్కి సగమై, నోట మాట లేకుండా తిరిగొచ్చిన రోజు నుంచీ ఇంట్లో ఇదే గొడవ. బిడ్డను మళ్లీ పంపనని ఈమె, పంపకపోతే దాని బతుకు పాడవుతుందని అతను. వాదించీ వాదించీ శిల్పకు ఇప్పుడు కోపం కూడా రావడం లేదు. కాళ్లు లాగుతున్నాయి, ఎక్కడైనా కాసేపు కూర్చుంటే చాలనిపిస్తోంది.

“ఆ హాస్టల్ మంచిది కాదు, ఒప్పుకుంటా. చేతిలో దుడ్లుంటే హైదరాబాదులో పెద్దదాంట్లోనే ఏస్తుంటి” అన్నాడు భూపేష్.

“దానికి హాస్టలంటేనే భయం. పెద్దదయితే ఏం, చిన్నదయితే ఏం?”

కేశవయ్య ఆవులించాడు. “ఏదో ఒకటి తేల్చండప్పా. నేను అన్నానికి పోవల్ల.”

భూపేష్ విసుగ్గా ఆమె చేతిలోంచి రాళ్ల పుస్తకం లాక్కుని తిరగేశాడు. “చేన్లో యాడ జూసినా రాళ్లే. మళ్లా దానికొక పుస్తకం...” అంటూ ఒక పేజీ దగ్గర ఆగాడు. ఆ పేజీ చదివాడు. మళ్లీ చదివాడు. చదువంటే ఆమడ దూరం పోయే మనిషి, అంగట్లో నిలబడి పేజీ మొత్తం చదివాడు!

“ఇదే తీసుకుందాం” అన్నాడు గొంతు తగ్గించి. “ఈ పాఠం నేనే చెప్తా పాపకు. చేన్లోకి పిల్సకపోయి చూపిస్తా.”

శిల్ప తన చెవులను తానే నమ్మలేదు. పురుగుల పుస్తకాన్ని తిరిగి పెట్టెలో పెడుతుంటే ప్రాణం ఉసూరుమంది. పోనీలే, పురుగులను పుస్తకం లేకుండానే చూపించుకుంటానని సర్దిచెప్పుకుంది. ఇన్నాళ్లకు తన బరువుకు ఇంకో భుజం దొరికింది.

కోడుమూరు బస్సెక్కారు. తొలకరి పడింది కదా, దారి పొడవునా చేలల్లో జనం నడుములు వంచి, వానకు పైకి తేలే వజ్రాలు వెతుకుతున్నారు. టిఫిన్ డబ్బాలతో, పిల్లాజెల్లాతో వచ్చేశారు. “పనీపాటా లేనోళ్లు” అన్నాడు భూపేష్, పుస్తకం ఒళ్లో భద్రంగా పెట్టుకుని. శిల్ప అప్పటికే కునుకు తీస్తోంది.

భూపేష్ అన్న మాట నిలబెట్టుకున్నాడు. తెల్లారితే చాలు, కూతురినీ పుస్తకాన్నీ వెంటబెట్టుకుని చేనికి పోవడం, ఎండిపోయిన బోరు దగ్గర సంచి పెట్టి మధ్యాహ్నం దాకా రాళ్లు ఏరడం. శిల్ప ఆ వారమంతా పొద్దుటి పూట కాస్త నడుం వాల్చగలిగింది. అదే ఆమెకు పండగ.

ఒక సాయంత్రం శివాని వసారాలో రాళ్లు పరిచి కూర్చుంది. శిల్ప పక్కన చతికిలబడి, “ఏం నేర్చుకున్నావో చెప్పు” అంది.

“ఇది సుద్దమా, గోరుతో గీస్తే గీత పడతాది. ఇది నాపరాయి, మేకుతో గీస్తే పడతాది. ఇది పలుగురాయి. దీనికి మేకు పనిచేయదు, ఇదే గాజును గీస్తాది.”

“పలుగురాయిని గీసేది?”

“ఈడ మన చేన్లల్లో అయితే వజ్రమేనంట.”

శిల్ప కళ్లు చెమర్చాయి. నోరు తెరవని బిడ్డ ఇంత గలగలా మాట్లాడుతోంది! ఇంక హాస్టల్ గొడవ తీరినట్టే. ఈ బిడ్డను చూసి ఆయనే ఇంట్లో ఉండనీ అంటాడు.

“మరి మెరిసే రాయి ఒకటీ తేలేదేం? పుస్తకంలో ఉండాయి కదా?”

శివాని వీధి వాకిలి వైపు చూసింది. గొంతు తగ్గించింది.

“ఎవురికీ చెప్పొద్దన్నాడు నాయన. మేం ఏరేది వజ్రం కోసరమేనంట. దొరికితే నన్ను హైదరాబాదు పెద్ద హాస్టల్లో ఏస్తాడంట.”

శిల్ప పరిచిన రాళ్ల వంక చూసింది. ఆ పుస్తకాన్ని వెతికి పట్టుకుందీ తనే, కొనాలని పట్టుబట్టిందీ తనే. ఒంట్లోని అలసటంతా ఒక్కసారిగా మళ్లీ మీద పడింది.

బిడ్డే ఆమె చెయ్యి పట్టుకుంది.

“నువ్వు భయపడొద్దుమా. మెరిసేది కనపడితే నాయనకంటే ముందే తీసి దాచిపెడతాండా. నిన్న ఒకటి పలుగురాయి మీదే గీత పెట్టింది, దాన్ని ఎండిపోయిన బోరు గొట్టంలో ఏసేసినా... కిందికి పోయే సప్పుడు శానాసేపు ఇనపడిందిమా!”