చెవిలో గోమారి

ఒక పెరట్లో గవ్వ అనే ముసలి కుక్క ఉండేది. ఒంటినిండా గోమార్లు పట్టాయని ఇంటివాళ్లు దాన్ని గడప తొక్కనివ్వడం మానేశారు. ఇదివరకు పక్కన పడుకునే పిల్లి కూడా దూరం నుంచే చూసి పోయేది.

ఒకరోజు పక్కింటి కోడి వచ్చి, "కదలకు అక్కా, అన్నీ ఏరేస్తాను," అంది. ఒళ్లంతా ఏరి, చెవి దగ్గరికి వచ్చింది.

చెవిలోని గోమారి గుసగుసలాడింది. "నేనూ పోతే నీతో మాట్లాడేదెవరే, గవ్వా?"

గవ్వ తల తిప్పేసుకుంది. "ఆ ఒక్కదాన్నీ వదిలెయ్ చెల్లీ."

"అది నీ నెత్తురు తాగుతోంది!"

"తాగనీ. పలకరిస్తోందిగా."

కోడి నిట్టూర్చి వెళ్లిపోయింది.

గోమారి రోజూ కబుర్లు చెబుతూ, తాగి తాగి చింతపిక్కంత అయింది. కడుపు నిండాక, ఒక మధ్యాహ్నం మాట మధ్యలోనే కిందికి జారి, గుడ్లు పెట్టడానికి గోడ పగులు వైపు పాక్కుంటూ పోయింది.

"ఎక్కడికే?" అంది గవ్వ. అది వెనక్కి కూడా చూడలేదు.

గవ్వ అది పగుల్లోకి దూరేదాకా చూసింది. తర్వాత దడి దగ్గరికి వెళ్లి కోడిని పిలిచి, గోడ పగులు చూపించింది. కోడి ఒక్క పోటుతో గోమారిని లాగి మింగేసి, వెళ్లబోయింది.

అప్పుడు గవ్వ ఇన్నాళ్లూ ఎవరినీ అడగని మాట అడిగింది.

"కాసేపు కూర్చుని వెళ్తావా, చెల్లీ?"